క్రిస్మస్ హడావిడిలో కాస్త ప్రశాంతత ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: నా వయసు 43. తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఉంటాం. మిషన్ స్కూల్లో టీచర్‌ని. మా లూథరన్ చర్చిలో స్త్రీల సమాజం పనులు కూడా నేనే చూస్తాను. ఈ మార్చిలో నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. ప్రతి ఏడూ డిసెంబర్ కోసం ఎదురుచూసేదాన్ని. ఈసారి తలచుకుంటేనే టెన్షన్. స్కూల్లో సెమీ క్రిస్మస్, చర్చిలో ఒకటి, మా వారి ఆఫీసులో ఒకటి, రాత్రిళ్లు క్యారల్ రౌండ్స్, ఇంటికి సున్నాలు, పిండివంటలు, చుట్టాలు. మైకు మోత వింటే ఏడుపొస్తోంది. ఇంటి మీద స్టార్ ఎప్పుడూ నాన్నే కట్టేవారు. ఈసారి కట్టాలని లేదు. పదో తరగతి చదివే మా అబ్బాయి మాత్రం రోజూ అడుగుతున్నాడు. చెట్లూ చేమలూ ఉన్నచోటికి పోయి ఊరికే కూర్చోవాలనిపిస్తోంది. మా వారు 26న అరకు వెళ్దామంటున్నారు. అందరూ సంతోషించే రోజుల్లో నాకిలా అనిపించడం విశ్వాసం తగ్గడమేనా? అరకు వెళ్తే మనసు కుదుటపడుతుందా?

సమాధానం: అమ్మా, ముందు విశ్వాసం సంగతి చెబుతాను. మీ ఉత్తరంలో మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ నలిపేస్తున్నది అదే. మీ విశ్వాసం తగ్గలేదు. తండ్రి పోయిన ఏడాదిలో వచ్చే మొదటి పండుగ ఎవరికైనా ఇలాగే ఉంటుంది. మన చుట్టూ ఉన్న హిందూ కుటుంబాల్లో ఏటిసూతకం అని ఆ ఏడాదంతా పండుగలు చేసుకోరు. మనకు ఆ ఆచారం లేదు. లేకపోవడం మంచిదేనని నేనూ అనుకుంటాను. కానీ దానివల్ల ఒక ఇబ్బంది వచ్చిపడింది. దుఃఖంలో ఉన్న మనిషి పండుగ నుంచి కాస్త పక్కకు జరిగి నిలబడడానికి మన సంఘాల్లో ఎవరూ వీలివ్వరు. "ప్రభువు పుట్టిన పండుగమ్మా, ఏడవకూడదు" అంటారు. ప్రేమతోనే అంటారు, అయినా ఆ మాటకు గుండె మరింత బరువెక్కుతుంది. పక్కకు జరిగే ఆ వీలేదో మీకు మీరే ఇచ్చుకోవాలి.

అందుకు మీకు వాక్యంలోనే ఆధారం ఉంది. బాప్తిస్మమిచ్చు యోహానును చంపేశారన్న కబురు తెలిసినప్పుడు యేసు ఏం చేశారో మత్తయి సువార్త 14వ అధ్యాయంలో చూడండి. దోనె ఎక్కి, ఏకాంతంగా అరణ్య ప్రదేశానికి వెళ్లిపోయారు. జనం వదల్లేదు, ఊళ్లలోంచి కాలినడకన వెంటపడ్డారు. ఆయన వాళ్లను చూసి కనికరపడి, రోగులను బాగుచేసి, ఐదు రొట్టెలు రెండు చేపలతో అందరికీ కడుపునిండా పెట్టారు. ఇంతవరకు సండే స్కూల్ పిల్లలకు మీరే ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. ఆ తర్వాత వచ్చే రెండు వచనాల దగ్గర మాత్రం మనం ఎక్కువగా ఆగం. శిష్యులను దోనె ఎక్కించి, జనాన్ని పంపేసి, ఆయన ఒక్కరే ప్రార్థన చేసుకోవడానికి కొండ ఎక్కారు. చీకటి పడ్డాక కూడా ఒంటరిగా అక్కడే ఉన్నారు. జనం వచ్చి ఆయన వెళ్లిన పనికి అడ్డం పడ్డా, చేయాల్సిన సేవ చేశారు. తనకు కావలసిన ఏకాంతాన్ని మాత్రం వదులుకోలేదు, కొంచెం ఆలస్యంగా తీసుకున్నారు. ఈ డిసెంబర్‌లో మీ మీద చాలామంది ఆధారపడి ఉన్నారు, అందరినీ వదిలేసి పొమ్మని నేను చెప్పను. జనాన్ని పంపేసే ఘడియ ఒకటి రోజూ ఉండాలని మాత్రం గట్టిగా చెబుతాను.

లూకా సువార్త రెండో అధ్యాయం కూడా ఈసారి ప్రోగ్రాంలో ఎవరు ఏ వచనం చదవాలన్న లెక్క లేకుండా, మీకోసం ఒకసారి చదువుకోండి. జనసంఖ్య రాయించుకోవడానికి వచ్చినవాళ్లతో ఊరు నిండిపోయి, సత్రంలో స్థలం లేదు. మొదటి కబురు వెళ్లింది ఆ ఊళ్లోవాళ్లకు కాదు, పొలంలో రాత్రిపూట మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులకు. వాళ్లు త్వరపడి వచ్చి చూశారు, కనబడినవాళ్లందరికీ చెప్పారు, దేవుణ్ణి మహిమపరుస్తూ తిరిగి వెళ్లారు. మరియ మాత్రం ఆ మాటలన్నిటినీ తన హృదయంలో తలపోసుకుంటూ భద్రం చేసుకుంది. పాడినవాళ్లకూ పరుగెత్తినవాళ్లకూ ఆ రాత్రి ఎంత చోటుందో, పలక్కుండా కూర్చున్న ఆ తల్లికీ అంతే చోటుంది. ఈ ఏడాదికి మీరు మరియ పక్కన కూర్చోండి. వచ్చే ఏడు మళ్లీ కాపరులతో కలిసి పరుగెత్తవచ్చు.

మీ సంఘం సంప్రదాయంలోనే ఇందుకు ఏర్పాటు ఉంది. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హైయర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘం మీది. ఆ క్యాలెండర్‌లో క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆగమనకాలం. వారానికొక కొవ్వొత్తి చొప్పున నాలుగు వెలిగించడం, బల్ల మీద ఊదారంగు బట్ట పరచడం మీరెరిగినవే. ఊదా రంగు ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ రోజుల్లోనూ వేస్తారు. పశ్చాత్తాపానికీ ఎదురుచూపుకూ గుర్తు అది. అంటే పెద్దలు ఈ నాలుగు వారాలను సద్దు చేయకుండా ఎదురుచూడడానికి కేటాయించారు. డిసెంబర్ ఒకటో తారీఖు నుంచే మొదలయ్యే సెమీ క్రిస్మస్‌లు ఆ కాలాన్ని దాదాపు మింగేశాయి. నాకు సెమీ క్రిస్మస్ మీద కోపం లేదు. తోటి ఉద్యోగులు, పక్కింటివాళ్లు, ఏ మతంవాళ్లయినా వచ్చి ఒక బల్ల దగ్గర కూర్చుని కేకు తినే పండుగ మన తెలుగునాట ఇంత సహజంగా జరుగుతున్నందుకు నాకు సంతోషమే. కానీ ఒక మనిషి ఒకే నెలలో ఇన్నింటికి హాజరు కావడం పండుగ అనిపించుకోదు, అది డ్యూటీ.

ఇంకో సంగతి. అదే క్యాలెండర్‌లో క్రిస్మస్ 25న మొదలవుతుంది, ఆ రోజుతో అయిపోదు. జనవరి 5 దాకా పన్నెండు రోజులు ఆ కాలమే. 6న తూర్పు దేశపు జ్ఞానుల రాకను తలచుకునే ఎపిఫనీ. మనవాళ్లు 25 మధ్యాహ్నం బిర్యానీ తిని పడుకోగానే పండుగ అయిపోయిందనుకుంటారు. మళ్లీ 31 రాత్రి కూడిక వరకు ఎవరూ ఎవరినీ పిలవరు. మిషన్ స్కూల్ కాబట్టి మీకు సెలవులు కూడా ఉంటాయి. మీరు వెతుక్కుంటున్న ప్రశాంతత 26 నుంచి 30 దాకా ఉన్న ఈ రోజుల్లో ఉంది. దయచేసి వాటిని దేనితోనూ నింపకండి.

ఇక్కడే అరకు మాట వస్తుంది. మీ వారు మీ బాధ చూడలేక అడిగారు, ఆ మనసు గొప్పది. అరకు అందమైనదే, కొండవాలు మీద వలిసె పూల పసుపు విరబూసేదీ నవంబర్, డిసెంబర్ నెలల్లోనే. కానీ క్రిస్మస్ తర్వాతి వారంలో అక్కడికి వెళ్లేది మీరొక్కరే కాదు. విశాఖ నుంచి వెళ్లే రైల్లో, గెస్ట్‌హౌస్‌లో, బొర్రా గుహల దగ్గర, వంజంగి కొండ మీద సూర్యోదయం చూసే చోట, అన్నిచోట్లా జనం కిటకిటలాడుతుంటారు. 25 రాత్రి వంటింట్లో గిన్నెలు తోమి, అదే రాత్రి బట్టలు సర్దుకుని, రాత్రి రైలెక్కి, అమ్మకు మందులు వేళకు ఇస్తూ, కొండ దారిలో వాంతి వస్తుందేమో అని కవర్లు పట్టుకుని వెళ్లే ప్రయాణంలో మీకు ఊరికే కూర్చునే ఘడియ ఎక్కడ దొరుకుతుంది? అది ఇంకో ప్రోగ్రాం అవుతుంది, దాని నిర్వహణ కూడా మీ మీదే పడుతుంది. సంక్రాంతి రద్దీ తగ్గాక, ఫిబ్రవరిలో రెండు రోజులు వెళ్లండి. పూలు ఉండకపోవచ్చు, చలి ఉంటుంది, చోటూ ఉంటుంది.

మీకు కావలసిన చెట్లూ చేమలూ మీ ఊళ్లోనే ఉన్నాయి. తెనాలి చుట్టుపక్కల డిసెంబర్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కోతలు సాగుతుంటాయి. కొన్ని చేలు ఇంకా పండి ఒరిగి ఉంటాయి, కొన్నిచోట్ల పనలు ఆరుతుంటాయి, కొన్నిచోట్ల కుప్పలు లేచి ఉంటాయి. కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడిన వరిలో మినుములు చల్లుతారు కదా, పనలు తీసేసిన చేలో వంగి చూడండి. ఎండిన వరి మోళ్ల మధ్య, తడి మట్టిలో, రెండేసి ఆకులతో మినుము మొలకలు కనబడతాయి. వాటిని దున్ని నాటినవాళ్లు లేరు. పాత పంట కాళ్ల దగ్గరే, దాని పదునులోనే అవి లేస్తాయి. పొద్దున్నే అయితే ప్రతి మోడు మీదా సాలెగూడు ఉంటుంది, మంచు పట్టి తెల్లగా. ఎండ వచ్చాక అదే గూడు అసలు కంటికి ఆనదు.

గట్ల మీద తోక పైకీ కిందికీ ఆడిస్తూ పరుగెత్తే సన్నటి బూడిదరంగు పిట్టలను గమనించారా? హిమాలయాల నుంచీ, ఇంకా ఉత్తరాన ఉన్న చలిదేశాల నుంచీ శీతాకాలానికి మన పొలాలకు వచ్చేవి అవి. వేసవికి వెళ్లిపోతాయి. కరెంటు తీగ మీద మట్టిరంగులో ముడుచుకుని కూర్చున్న పక్షి ఒకటి ఎగరగానే రెక్కల్లో నీలం విప్పుకుంటుంది, అది పాలపిట్ట. పంట కాలువలో నీళ్లుంటే లకుముకి పిట్ట కూడా ఉంటుంది. వీటి పేర్లు నేర్చుకోవాల్సిన పనిలేదు. ఒకదాన్ని అది ఎగిరిపోయేదాకా చూస్తూ నిలబడితే చాలు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలతో చేసిన ఒక అధ్యయనం వచ్చింది. వారానికి మొత్తం మీద రెండు గంటలైనా పార్కుల్లో, పొలాల్లో, నీటి ఒడ్డున గడిపేవాళ్లు, అసలు గడపనివాళ్లకన్నా తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా, కొంచెం కొంచెంగా గడిపినా తేడా కనబడలేదు. చెట్ల వల్లే బాగున్నారా, బాగున్నవాళ్లే బయటికి వెళ్తున్నారా అన్నది ఇలాంటి అధ్యయనంతో తేలదు. అయినా మీకు పనికొచ్చే మాట ఇందులో ఉంది. రోజుకు ఇరవై నిమిషాల లెక్కన వేసుకున్నా వారానికి రెండు గంటలు దాటుతాయి. అరకు అక్కర్లేదు, కాలువ గట్టు చాలు.

ఎప్పుడు వెళ్లాలంటే, తెల్లవారి వెలుగు వచ్చాక, సుమారు ఆరున్నరకు. చీకట్లో వద్దు. కోతల రోజుల్లో ఎలుకల కోసం రక్తపింజరులు గట్ల మీదికి వస్తాయి, చలికి కదలకుండా గడ్డిలో పడి ఉంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. అడుగు పడే చోటు చూసుకోండి. పొగమంచు దట్టంగా ఉన్న రోజు రోడ్డు వెంట నడవద్దు, ట్రాక్టర్లకు మనం కనబడం. మొదటి రెండు రోజులు మీ వారిని తోడు రమ్మనండి. ఆయన గట్టు చివర నిలబడి ఫోన్ చూసుకున్నా ఫరవాలేదు. మీ ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. చర్చి గ్రూపులో ఆ వేళకే రేపటి ప్రోగ్రాం గురించి మెసేజ్‌లు మొదలవుతాయి.

అక్కడికి వెళ్లి ప్రార్థన చేయాలా అంటే, చేయాలనిపిస్తే చేయండి. మాటలు రాకపోతే బలవంతం వద్దు. ఏడుపు వస్తే ఏడవండి, ఇంట్లో అమ్మ చూస్తుందని, పిల్లాడు చూస్తాడని ఇన్ని నెలలుగా ఆపుకుని ఉంటారు. పొలంలో నిశ్శబ్దం ఉంటుందనుకుంటాం గానీ నిజానికి బోలెడు చప్పుడు ఉంటుంది. పిట్టలు, కోత మిషన్, దూరంగా గుడిలో ధనుర్మాసం పాశురాలు. అయినా మనసు నెమ్మదిస్తుంది. కారణం నాకు తోచింది చెబుతాను. ఆ చప్పుళ్లలో ఒక్కటి కూడా మిమ్మల్ని పిలవదు. "అక్కా, కేకు ఆర్డర్ ఇచ్చారా", "టీచర్, డ్రెస్సులు రాలేదు", "అమ్మా, నా చొక్కా ఏది" అని అక్కడ ఎవరూ అడగరు. మీకు ఇప్పుడు కావలసింది ఎవరూ ఏమీ అడగని ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలు రావాలంటే ఏదో ఒకటి తీసేయాలి. పనులన్నీ అలాగే ఉంచి, వాటి మీద ప్రశాంతతను కూడా ఒక పనిగా పెట్టుకుంటే ఇంకా అలసిపోతారు. ఏం తీసేయాలో నా అభిప్రాయం చెబుతాను, నచ్చకపోతే మార్చుకోండి. స్కూల్లో సెమీ క్రిస్మస్ ఉద్యోగంలో భాగం, అది తప్పదు. మీ చర్చిది ఉంచుకోండి, కానీ విశ్వాసిగా వెళ్లి కూర్చోండి, లెక్కలూ వంటలూ బహుమతులూ మీ చేతిలో వద్దు. మీ వారి ఆఫీసుదానికి ఆయన అబ్బాయిని తీసుకుని వెళ్తారు. క్యారల్ రౌండ్స్‌లో మీ వీధికి వచ్చిన రాత్రి గుమ్మంలో నిలబడి వినండి, తిరగడం ఈసారికి మానండి.

దీన్ని అమ్మగారితో, అంటే మీ పాస్టర్‌గారి భార్యతో, నేరుగా చెప్పండి. సాకులు వద్దు, ఆరోగ్యం బాలేదని అసలు చెప్పొద్దు, వెంటనే ఇంటికి పరామర్శకు వస్తారు. "అమ్మగారూ, ఇది నాన్న లేని మొదటి క్రిస్మస్. 24 రాత్రికీ, 25 ఆరాధనకూ తప్పకుండా వస్తాను. మిగతా పనులు ఈ ఒక్క ఏడాదికి వేరేవాళ్లకు అప్పజెప్పండి" అని ఇంతే చెప్పండి. సంఘంలో ఒకరిద్దరు ఏదో అంటారు. అననివ్వండి. మీ పని నేర్చుకోవడానికి ఒక కుర్రపిల్లకు అవకాశం కూడా దొరుకుతుంది, అది సంఘానికి మంచిదే.

పిండివంటల్లో అరిసెలు ఒక్కరు చేసే పని కాదు. పాకం చూసేవాళ్లు ఒకరు, పిండి పోసి కలిపేవాళ్లు ఒకరు, వత్తి నూనెలో వేసేవాళ్లు ఒకరు. తీగపాకం దాటి ఉండపాకం వచ్చిన ఆ అర నిమిషంలో పిండి పడకపోతే అంతా పాడు. ఈ ఏడు తోటికోడళ్లో అక్కచెల్లెళ్లో వచ్చి మీ ఇంట్లో చేస్తే చేయండి, లేకపోతే బయట కొనండి. జంతికలూ లడ్డూలూ అన్నీ ఉండాలన్న పట్టుదల వద్దు. ఇంటికి సున్నం వచ్చే ఏడు వేసుకోవచ్చు.

మైకు గురించి మీరు మొహమాటపడుతూ రాశారు. మొహమాటం అక్కర్లేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. గుడికైనా చర్చికైనా మసీదుకైనా ఇదే నియమం. నేను మిమ్మల్ని ఫిర్యాదు చేయమనడం లేదు. పాస్టర్ అయ్యగారితో మీ వారు ఒక మాట చెబితే, హారన్ మీ ఇంటి వైపు నుంచి తిప్పి, సౌండ్ చర్చి లోపలికి పరిమితం చేయవచ్చు. ఊళ్లో మీలాగే బాధపడేవాళ్లు, పరీక్షలకు చదువుకునే పిల్లలు, ముసలివాళ్లు చాలామంది ఉంటారు. మన పెద్దల కాలంలో పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, కంజీర, డోలక్‌లతో వీధి వీధి తిరిగి పాడేవాళ్లు. నాలుగిళ్ల అవతల పాట మొదలైతే మన వంతు ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గి వినేవాళ్లం. ట్రాలీ ఆటోలో బాక్సులు పెట్టుకుని తిరిగితే ఆ ఎదురుచూపు ఉండదు. పాడేవాళ్ల గొంతు కూడా వినపడదు. క్యారల్స్‌కు మైకు లేకుండా ఒక్క ఏడాది వెళ్లి చూడమని యువకులను అడగడానికి మీ సంఘంలో ఎవరో ఒకరు పూనుకోవాలి. ఈ ఏడు ఆ ఒకరు మీరు కానక్కర్లేదు.

ఒకవేళ రాత్రిపూట మోత భరించలేకపోతే, డాబా మీదికి వెళ్లి కూర్చోండి. క్రిస్మస్ రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి తూర్పు ఆకాశంలో వరుసగా మూడు చుక్కలు కనబడతాయి. ఆ వరుసను కిందికి పొడిగించుకుంటూ పోతే బాగా మెరిసే చుక్క ఒకటి ఉంటుంది, రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటిలోకీ ప్రకాశవంతమైనది అదే, సిరియస్. మీ అబ్బాయిని కూడా పిలిచి చూపించండి.

అబ్బాయి మాట వచ్చింది కాబట్టి స్టార్ గురించి. మీ ఉత్తరమంతా చదివాక నాకు ఒక ప్రశ్న మిగిలింది. అమ్మను అడిగారా? మీరు తండ్రిని పోగొట్టుకున్నారు, ఆవిడ భర్తను పోగొట్టుకున్నారు, పిల్లాడు తాతయ్యను పోగొట్టుకున్నాడు. రోజూ స్టార్ గురించి అడుగుతున్నాడంటే వాడు బల్బు కోసం అడగడం లేదు. తాతయ్య గురించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు, స్టార్ పేరుతో వాడు మాట్లాడుతున్నాడు. ఒక సాయంత్రం ముగ్గురూ కూర్చుని, కడదామా వద్దా అని మాట్లాడుకోండి. అమ్మ వద్దంటే ఈ ఏడు వద్దు, వాడు అర్థం చేసుకుంటాడు. కట్టాలంటే కొన్న ప్లాస్టిక్‌ది కాకుండా, వెదురు బద్దలు తెచ్చి, తాతయ్య ఏ రంగు కాగితం అతికించేవారో, ముడి ఎలా వేసేవారో అమ్మ చెబుతుంటే వాడిచేతే చేయించండి. మీరు నిచ్చెన పట్టుకుంటే చాలు. వంకరగా వచ్చినా ఉండనివ్వండి.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లే అలవాటు మన సంఘాల్లో చాలాచోట్ల ఉంది. క్రిస్మస్‌కు వెళ్లకూడదన్న నియమం ఏమీ లేదు. 24 సాయంత్రం చర్చికి వెళ్లేముందు చేమంతులు నాలుగు తీసుకుని అమ్మా మీరూ వెళ్లి రండి. వెళ్లొచ్చాక ఆ రాత్రి ఆరాధనలో కూర్చోవడం కొంచెం తేలికవుతుంది, కాకపోయినా నష్టం లేదు.

ఇంకొక మాట, ఇది దాటవేయవద్దు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన రావడం ఉంటే దాన్ని పొలం గట్టు తీర్చలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. ఏ వేళయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ప్రార్థన చేసేవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం విశ్వాసలోపం అని ఎవరైనా అంటే నమ్మకండి. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడేనని మన బైబిల్లోనే ఉంది.

మీ వారికి ఏదో ఒక ప్రయాణం చేయించాలని ఉంది కదా, దానికీ ఒక దారి ఉంది. గుంటూరు పక్కనే ఉప్పలపాడు. ఊరి చెరువుల మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు, రంగురంగుల పెద్ద కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచుకునే చోటు. ఊరివాళ్లు వాటిని తమవిగా చూసుకుంటారు. 27నో 28నో మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు పడుకుని లేచి బయల్దేరితే సాయంత్రం పక్షులు గూటికి తిరిగొచ్చే వేళకు చేరుకుంటారు. గూడబాతు అంత పెద్ద ఒళ్లు వేసుకుని సన్నటి కొమ్మ మీద ఎలా దిగుతుందో చూడడానికి మీ అమ్మగారికి కుర్చీ ఒకటి కారులో వేసుకోండి, శాలువా మర్చిపోకండి. పులిహోర చేసుకుని వెళ్దామని ఎవరైనా అంటే వద్దనండి. దారిలో టీ తాగి, చీకటి పడేసరికి ఇంటికి వచ్చేయవచ్చు. చుట్టాలు ఎవరైనా మేమూ వస్తామంటే, ఈసారికి మేం నలుగురమే వెళ్తున్నామని మీ వారిచేత చెప్పించండి.